మలేరియాని మసి చేసిన రక్తం

తెనాలి మారీసుపేటలో పూర్ణచంద్రరావు ఇంటికి వెళ్లినవాడు కాఫీ తాగకుండా బయటపడ్డా పడవచ్చు గానీ, గోడ మీది వంశవృక్షం చూడకుండా మాత్రం బయటపడలేడు. ఎనిమిదడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు. బోర్డులు రాసే పెయింటరు చేత పదకొండు రోజులు నిచ్చెన వేయించి రాయించాడు. అడుగున మొదలు దగ్గర మూలపురుషుడు వీర్రాఘవయ్య. అక్కణ్ణుంచి ఏడు తరాలు కొమ్మలు కొమ్మలుగా పాకి, కప్పు దగ్గర లేతాకు మీద కొడుకు అభిరామ్ పేరుతో ఆగుతాయి. ఆకులన్నీ మగపేర్లే. ఆడవాళ్లేరండీ అని ఎవరైనా నోరు జారితే, "చెట్టుకి ఆకులు రాస్తారు గానీ రాలిపోయే పూలు రాస్తారా?" అన్నది ఆయన సిద్ధంగా ఉంచుకున్న జవాబు.

ఆ చెట్టులో పారే రక్తం మామూలు రక్తం కాదు. ఆ సంగతి చెప్పింది పూర్ణచంద్రరావే కాబట్టి అనుమానించడానికి లేదు. వీర్రాఘవయ్యని పొలంగట్టు మీద తాచుపాము కరిస్తే, ఆయన చుట్ట కాల్చుకుంటూ ఇంటికి వచ్చేశాడట. పాము మాత్రం మూడు చుట్లు తిరిగి పడిపోయిందట. ఊళ్లోవాళ్లే జాలిపడి, మంత్రగాణ్ణి పిలిపించి పాముకి మంత్రం వేయించారట. తాతగారి కాలికి నాగలి కర్రు తగిలి నాలుగు చుక్కలు నేల మీద పడితే, ఆ మడిలో మూడేళ్లు ఎరువు వేయకుండా పంట పండిందట.

ఇవన్నీ వచ్చేపోయే చుట్టాలకి. తెనాలివాళ్లకి ఇష్టమైనది బాపట్ల కథ. టీ కొట్టు దగ్గర ఆ కథ కోసమే ఆయనకి టీ ఇప్పించేవాళ్లున్నారు.

పూర్ణచంద్రరావుకి పందొమ్మిదేళ్లప్పుడు ఇంట్లోవాళ్లు చదువుకోమని బాపట్ల పంపించారు. ఆయన సరిగ్గా నలభై రోజులు చదువుకున్నాడు. నలభై ఒకటో రోజున మలేరియా వచ్చింది. మలేరియా ఉద్యోగి వచ్చి, పద్నాలుగు రోజులు వేసుకోమని మాత్రలిచ్చి పోయాడు. మూడో రోజుకి మూత్రం బొగ్గు నీళ్లలా వచ్చింది.

"అదేంటో తెలుసా?" అని ఇక్కడ ఆగి, ఒక గుక్క టీ తాగేవాడు. "నా రక్తంలో దూరిన మలేరియా పురుగులన్నీ కాలి, మసై, బయటికొచ్చాయి! డాక్టరు చెంబులోకి చూసి దండం పెట్టాడు. బాబూ, నీకు మందక్కర్లేదు, మందుకే నువ్వు కావాలి అన్నాడు."

"మరి కాలేజీ ఎందుకు మానేశారు బాబాయ్?" అని ఎవడో ఒకడు అడగాలి. అడిగేవాడు.

"ఇంత వేడి రక్తం పెట్టుకుని నాలుగ్గోడల మధ్య కూర్చుంటే గోడలు నిలుస్తాయంట్రా?"

ఇట్లాంటి రక్తంలో బయటి చుక్క కలవకూడదని పూర్ణచంద్రరావు పట్టుదల. అందుకని కొడుక్కి మేనరికం చేశాడు. చెల్లెలు చంద్రకళని ముప్ఫై ఎనిమిదేళ్ల కిందట రేపల్లె ఇచ్చారు. ఆ చెల్లెలి కూతురు తేజస్వినే అభిరామ్‌కి చేసుకున్నాడు. చెల్లెలి పేరు చెట్టు మీద లేదు. కోడలి పేరూ లేదు. కోడలికి కొడుకు పుట్టాడన్న ఫోను రాగానే మాత్రం ఆయన నిచ్చెన బయటికి తీసి పెట్టుకున్నాడు.

తొలికాన్పు కాబట్టి పురుడు రేపల్లెలో, పుట్టింట్లో జరిగింది. ఇరవై ఒకటో రోజున బారసాల. ముందురోజు సాయంత్రం ముసురులో తడుస్తూ పూర్ణచంద్రరావు రేపల్లె స్టేషన్లో దిగాడు. నెత్తిన గొడుగు లేదు, ఉన్న గొడుగుని చేతిలోని ట్రంకుపెట్టెకి పట్టాడు. ఆ పెట్టెలో ఉన్నది వీర్రాఘవయ్య పంచె. చీరాల నేత, రెండంగుళాల జరీ అంచు.

పురిటి బిడ్డకి కొత్తబట్ట వేయరు. పండుముసలిదాకా బతికిన పెద్దవాళ్ల పాతబట్టలో చుడతారు, వాళ్ల ఆయుష్షు అంటుకుంటుందని. వీర్రాఘవయ్య తొంభై ఆరేళ్లు బతికాడని మునసబు లెక్క, నూట పద్నాలుగని పూర్ణచంద్రరావు లెక్క. ఎట్లా చూసినా అంటుకోవాల్సినంత ఆయుష్షే.

హాల్లో పెట్టె మూత తీశాడు. వీధిలో పడుకున్న కుక్క లేచి రెండుసార్లు తుమ్మి పక్క వీధికి పోయింది.

"ఏంటన్నయ్యా ఈ ఘాటు? కళ్లమ్మట నీళ్లొస్తున్నాయి," అంది చంద్రకళ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.

"మూలపురుషుణ్ణి తలుచుకుంటే రావా మరి!"

"తలుచుకుంది మూలపురుషుణ్ణి కాదు, కలరా ఉండల్ని. ఎన్ని పోశావేంటి ఇందులో?"

"ఏటా ఉగాదికి గుప్పెడు. నలభై ఏళ్లబట్టి ఒక్క పురుగు దీని దగ్గరికి వచ్చిందేమో కనుక్కో."

"పురుగే రానిదాంట్లో పసివాణ్ణి పడుకోబెడతావా? రెండు జాడింపులు జాడించి ఇస్తాను. ఈ ముసురు తగ్గి నాలుగెండలు తగిలాక చూద్దాం."

పూర్ణచంద్రరావు పంచెని గుండెకి హత్తుకున్నాడు. "జాడిస్తావా? దీనికి వీర్రాఘవయ్య చెమట తగిలిందే! నిన్న గాక మొన్న పుట్టిన సబ్బుపొడి పోసి మూలపురుషుణ్ణి కడిగేస్తావా? ఏం బావా, మీ ఆవిడ మాట విన్నావా?"

బావ కోటేశ్వరరావు మాట్లాడలేదు. ఆయన మాట్లాడక చాలా ఏళ్లయింది. మాట్లాడినప్పుడల్లా బావమరిది ఒక కథ చెబుతాడని ఆయనకి అనుభవం.

తేజస్వి మంచం మీంచి, "మావయ్యా, వాడు తుమ్ముతున్నాడు," అంది.

"తుమ్మనీ. లోపలికి వంశం దిగుతుంటే తుమ్మడూ?"

బారసాల రోజు పిల్లాణ్ణి ఆ పంచెలో చుట్టి ఉయ్యాల్లో వేశారు. మూడు రోజులు అదే చుట్ట, అదే పక్క, అదే దుప్పటి. తీస్తే ఆయుష్షు తెగుతుందని పూర్ణచంద్రరావు ఉయ్యాల పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే తేజస్వి కేక వేసింది. పిల్లాడి కళ్లు పచ్చగా ఉన్నాయి, ఒళ్లంతా పాలిపోయింది. పాలు పట్టబోతే నోరు తెరవడం లేదు. పక్కగుడ్డ మీద తడి చూస్తే చిక్కటి కాఫీ డికాషను ఒలికినట్టుంది.

ఆ రంగు పూర్ణచంద్రరావు ఇంతకుముందు ఒకసారి చూశాడు. తల ఎత్తితే ఎదురుగా చంద్రకళ. ఆమె గుడ్డ వంక చూడటం లేదు, అన్న వంకే చూస్తోంది. ఆయన గోడ మీది క్యాలెండరులో ఈరోజు తిథి ఏమిటో వెతుక్కున్నాడు.

కారు మాట్లాడుకుని గంటలో తెనాలి పిల్లల ఆస్పత్రికి చేరారు. అభిరామ్ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. పిల్లాడు పంచెలోనే ఉన్నాడు. నర్సు ఏసమ్మ చేతుల్లోకి తీసుకుని, ముక్కు చిట్లించి, గుండెల్నిండా ఒకసారి పీల్చింది.

"ఈ బిడ్డని ఎక్కణ్ణుంచి తెచ్చారండి? ఇంట్లోంచా, బట్టల బీరువాలోంచా?"

"నోరు జాగ్రత్తమ్మాయ్. అది మా మూలపురుషుడి పంచె," అన్నాడు పూర్ణచంద్రరావు.

"మూలపురుషుడికి ఇంత కంపేంటండి బాబూ!" అంటూనే ఆమె పంచె ఊడదీసి, పాలిథిన్ సంచిలో కుక్కి, మూతి ముడేసి వరండాలోకి విసిరింది. పిల్లాడి ఒళ్లు తడిగుడ్డతో తుడిచి, డాక్టర్ భువనేశ్వరిని పిలుచుకొచ్చింది.

డాక్టరమ్మ పిల్లాణ్ణి చూసింది. డికాషను రంగు గుడ్డ చూసింది. వరండాలోకి వెళ్లి సంచి ముడి కొంచెం వదులు చేసి వాసన చూసింది. రక్తం తీసి పరీక్షకి పంపింది. రెండు గంటల తర్వాత అందర్నీ గదిలోకి పిలిచింది.

"మన ఎర్ర రక్తకణాలకి కాపలా కాసే ఎంజైము ఒకటుందండి. జీ సిక్స్ పీడీ అంటాం. మీ బాబులో అది చాలా తక్కువగా ఉంది. మామూలుగా అయితే ఏమీ తెలీదు, అందరిలాగే నూరేళ్లూ బతుకుతారు. కానీ కొన్ని వస్తువుల జోలికి వెళ్లకూడదు. కలరా ఉండలు, కొన్ని రకాల మలేరియా మాత్రలు, ఇంకొన్ని మందులు. అవి తగిలితే కాపలా లేని కణాలు పటపటా పగిలిపోతాయి. ఆ పగిలిన రక్తమే మీరు గుడ్డ మీద చూసింది."

మలేరియా మాత్రలన్న మాట దగ్గర పూర్ణచంద్రరావుకి దగ్గు వచ్చింది. ఆ దగ్గులోంచి తేరుకుని, "అయితే ఇదెవరి నుంచి వచ్చిందమ్మా వీడికి?" అని అడిగాడు.

"ఆ ఎంజైముని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుందండి. మగపిల్లాడికి ఎక్స్ తల్లి దగ్గర్నుంచే వస్తుంది. తండ్రి ఇచ్చేది వై. దాని మీద ఈ జన్యువు లేదు."

"అంటే మా అబ్బాయి నుంచి కాదు."

"కాదండి."

"మా వంశం నుంచి కాదు."

డాక్టరమ్మ ఏదో చెప్పబోయింది గానీ అప్పటికే పూర్ణచంద్రరావు వరండాలో ఉన్నాడు. బల్లల మీద కూర్చున్నవాళ్లు, పిల్లల్ని ఎత్తుకు తిరుగుతున్నవాళ్లు, మందుల కొట్టు ముందు నిలబడ్డవాళ్లు, అందరికీ కలిపి ఒకేసారి చెప్పాడు. "డాక్టరమ్మే చెప్పింది! తల్లి వైపుదంట! మా గోడ మీద ఏడు తరాల్లో మచ్చలేదు. ఇదంతా రేపల్లె సరుకు!"

గుమ్మంలో నిలబడిన తేజస్వి విన్నది. నాలుగు గంటలబట్టి తాగేవాడు లేక పాలు జాకెట్టు తడిపేస్తుంటే, కొంగు కప్పుకుని గోడకి చేరబడింది. అభిరామ్, "నాన్నా, కాసేపు ఊరుకుంటావా?" అన్నాడు. ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు.

"రండి, ఇంకా అవలేదు," అని డాక్టరమ్మ లోపలికి పిలిచి, తెల్లకాగితం తీసింది. "ఇంకెవరెవరికి ఉందో తెలియాలి. కుటుంబాన్ని గీసుకుందాం. మగవాళ్లని గడిగా గీస్తాం, ఆడవాళ్లని సున్నాగా."

"సున్నా! భలే గీస్తారమ్మా," అని మురిసిపోయాడు పూర్ణచంద్రరావు.

"గీయడమే సున్నా బాబాయ్‌గారూ. ఇది నడిచేది ఆ సున్నాల మీంచే. మీకు అర్థమయ్యేట్టు చెప్తాను. ఎక్స్ క్రోమోజోము అంటే మన గుంటూరు నుంచి రేపల్లె దాకా రైలు లైననుకోండి. మధ్యలో నొక్కు ఉంటుంది, అది తెనాలి జంక్షను. గుంటూరు వైపుది పొట్టి చెయ్యి, రేపల్లె వైపుది పొడుగు చెయ్యి. జంపని, వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన అన్నీ దాటుకుంటూ పోతే, ఇంక పట్టా లేదు అన్న చోట ఉంటుంది ఈ జన్యువు. చివరి స్టేషను."

"చూశారా! నేనన్నానా లేదా? రేపల్లే!"

"పోలిక చెప్పానండి," అని డాక్టరమ్మ కలం తీసింది. పిల్లాడి గడి గీసి నల్లగా నింపింది. పైన తేజస్వికి సున్నా గీసి మధ్యలో చుక్క పెట్టింది. ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లుంటాయి, ఒకటి చెడ్డా ఇంకోటి కాపాడుతుంది కాబట్టి వాళ్లకి మామూలుగా ఏమీ కాదు, మోసుకొస్తారంతే అని చెప్పింది. "ఈ అమ్మాయి తండ్రి?"

కోటేశ్వరరావు చెయ్యెత్తాడు. పొద్దున ఆయన రక్తం కూడా తీశారు. అది నిక్షేపంగా ఉందని కాగితం చూసి చెప్పింది. కోటేశ్వరరావు చాలా ఏళ్ల తర్వాత బావమరిది వంక చూసి నవ్వాడు.

"తండ్రి నుంచి కాదు. అయితే తల్లి నుంచి. తల్లి ఎవరండి?"

"నేనేనండి," అంది చంద్రకళ.

"మీకు మీ అమ్మగారి నుంచైనా రావాలి, నాన్నగారి నుంచైనా రావాలి."

"అమ్మ పేరు మాణిక్యమ్మండి. అమ్మకి ఒక తమ్ముడు పుట్టి, పదో రోజున పసుపు ముద్దలా అయిపోయి పోయాడంట. ఎప్పుడూ చెప్పుకుని ఏడ్చేది."

డాక్టరమ్మ కలం ఆగింది. మాణిక్యమ్మకి సున్నా, సున్నాలో చుక్క. పక్కన ఆ తమ్ముడికి చిన్న గడి. "మీకు అన్నదమ్ములున్నారా?"

చంద్రకళ కళ్లు అన్న మీదికి తిరిగాయి. డాక్టరమ్మ తల తిప్పి పూర్ణచంద్రరావుని చూసింది.

"ఈవిడ మీకేమవుతారు?"

"చెల్లెలు."

"సొంత చెల్లెలా?"

"ఒక తల్లి పిల్లలమే," అన్నాడు పూర్ణచంద్రరావు, ఆ తల్లి పేరు తన గోడ మీద లేదని అప్పుడే గుర్తొచ్చినట్టు.

గోడకి చేరబడ్డ తేజస్వి అప్పుడు నోరు తెరిచింది. "అయితే మావయ్యా, ఈ రేపల్లె సరుకు తెనాలిలోనే తయారైందన్నమాట."

అభిరామ్ కిటికీ వైపు తిరిగాడు. వాడి భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో తండ్రికి తెలియలేదు.

"ఇదంతా మేనరికం వల్లేనా అమ్మా?" అని పూర్ణచంద్రరావు ఇంకో దారి వెతికాడు.

"దీనికి మేనరికంతో పనిలేదండి. ఈ అమ్మాయి ఎవర్ని చేసుకున్నా కొడుక్కి వచ్చే అవకాశం సగానికి సగం. కాకపోతే ఇల్లు దాటి పోయినదాన్ని మీరు రైలు పంపించి మరీ వెనక్కి తెచ్చుకున్నారు. మీక్కూడా ఉండొచ్చు. ఎప్పుడైనా మాత్రలు వేసుకున్నాక మూత్రం నల్లగా రావడం లాంటిదేమైనా?"

"నాకా?" అన్నాడు పూర్ణచంద్రరావు. "ఛ. లేదమ్మా."

చంద్రకళ తల ఎత్తింది. పోనీలే, పెద్దవాడు, కోడలి ముందు ఇంకెంత దిగజారతాడులే అనుకుని మళ్లీ దించుకుంది.

సాయంత్రం నాలుగింటికి సంగతి మారిపోయింది. కణాలు పగులుతూనే ఉన్నాయి, రక్తం ఆరు గ్రాములకి పడిపోయింది. వెంటనే ఎక్కించాలి. పిల్లాడిది ఓ పాజిటివ్. అభిరామ్‌ది బి, కోటేశ్వరరావుది ఏ, రెండూ కలవవు. రక్తనిధిలో ఉన్నది పాతది, పసివాడికి తాజాది కావాలంది డాక్టరమ్మ. "ఇచ్చేవాళ్లలో మాత్రం ఈ లోపం ఉండకూడదు. ఆ కణాలు ఎక్కిస్తే అవీ పగులుతాయి, ఇంత చిన్న ప్రాణం తట్టుకోదు," అని ఒకటికి రెండుసార్లు చెప్పి పిల్లాడి దగ్గరికి పరిగెత్తింది.

పూర్ణచంద్రరావు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "నాది ఓ పాజిటివ్! వచ్చే ఉగాదికి గానీ అరవై అయిదు రావు. పదండి. పాము పడిపోయిన రక్తం ఇది, పసివాడు లేచి కూర్చుంటాడు!"

ఆయన ఆ మాట నమ్మే అన్నాడు. అక్కడే వచ్చింది చిక్కు. నలభై అయిదేళ్లు పదిమందికి చెప్పిన మాట పదకొండో మనిషిగా తానే నమ్మాడు. పొద్దున్నుంచి గుర్తొస్తున్న ఆ రంగుని ఆ నమ్మకంతోనే అణిచిపెట్టుకుంటూ వచ్చాడు.

రక్తం తీసే గదిలో ల్యాబ్ యలమంద ఉన్నాడు. మారీసుపేట మనిషే, టీ కొట్టు దగ్గర రోజూ కనిపించేవాడే. పూర్ణచంద్రరావుని బల్ల మీద పడుకోబెట్టి, ఫారం తీసి ఒక్కొక్కటే అడుగుతున్నాడు.

"షుగరు?"

"లేదు."

"బీపీ?"

"మా వంశంలో లేదు."

"మాత్రలేసుకుంటే ఒళ్లు పచ్చబడటం, మూత్రం నల్లగా రావడం? ఇది డాక్టరమ్మగారు ప్రత్యేకంగా రాశారు."

"లేదు."

యలమంద కలం ఆపాడు. "అదేంటి బాబాయ్? బాపట్లలో మలేరియాని మసి చేశానన్నారుగా?"

పూర్ణచంద్రరావు కప్పు వంక చూశాడు.

"బొగ్గు నీళ్లలా వచ్చిందన్నారు. డాక్టరు దండం పెట్టాడన్నారు. వందసార్లు విన్నాను. పోయిన మంగళవారం కూడా నా టీ డబ్బులతోనే చెప్పారు."

"అది కథరా," అన్నాడు పూర్ణచంద్రరావు. ఆ మాట ఆయన నోటి నుంచి రావడం తెనాలి చరిత్రలో అదే మొదలు.

"కథా?"

"ఊరికే సరదాకి చెప్పింది. నువ్వు గుచ్చు."

గుమ్మంలో అలికిడైంది. చంద్రకళ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఆ చెంబు తోమింది నేనన్నయ్యా," అంది. "నాకు పదేళ్లు. నిన్ను బాపట్ల నుంచి బండిలో పడేసి తీసుకొచ్చారు. అమ్మ ఆ చెంబు పెరట్లో పెట్టి చింతపండు వేసి తోమమంది. మూడుసార్లు తోమాను. అమ్మ ఎంతసేపు ఏడ్చిందో! తమ్ముడిలాగే పోతాడు, వీడు కూడా పోతాడు అని. డాక్టరూ లేడు, దండమూ లేదు. అప్పట్నుంచి నీకు జ్వరమొచ్చినా అమ్మ మాత్ర వేయనిచ్చేది కాదు. పాముకి మంత్రం వేశారన్నావు, ఊరుకున్నాను. తాత రక్తానికి పంట పండిందన్నావు, ఊరుకున్నాను. నీ జన్మలో నువ్వు చెప్పిన ఒకే ఒక్క నిజాన్ని ఇవాళ అబద్ధమంటావా?"

యలమంద సూది పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "బాబాయ్, నాకు టైము లేదు. అది కథైతే సంతకం పెట్టండి, గుచ్చేస్తాను. నిజమైతే బల్ల దిగండి."

పూర్ణచంద్రరావు పడుకునే ఉన్నాడు. కథని నిలబెట్టుకుంటే రక్తం చెడ్డదవుతుంది. రక్తాన్ని నిలబెట్టుకుంటే కథ అబద్ధమవుతుంది. రెండూ లేకపోతే పూర్ణచంద్రరావు అనేవాడు ఇంక ఎవడు? కాలేజీకి నలభై రోజులు పోయి వచ్చిన ఒక ముసలాడు. ఆ సంగతి యలమంద పొద్దున్నే టీ కొట్టు దగ్గర చెబుతాడు. తప్పకుండా చెబుతాడు, తానైనా చెప్పేవాడే.

గోడ అవతల పిల్లాడు ఏడ్చాడు. ఏడుపు కూడా కాదు. చలికి ముడుచుకున్న పిల్లికూనలా ఒకసారి మూలిగి ఆగిపోయాడు.

పూర్ణచంద్రరావు బల్ల దిగాడు.

"నిజమేరా."

"గట్టిగా చెప్పండి బాబాయ్, ఫారంలో రాసుకోవాలి."

"నిజమేనన్నానా! నల్లగా వచ్చింది. వచ్చింది! కొట్టేయ్ నా పేరు."

యలమంద కొట్టేశాడు. చొక్కా చెయ్యి దించుకుంటూ ఆయన బయటికి వచ్చేసరికి ఏసమ్మ ఎదురైంది. ఎడమచెయ్యి మీద దూదితో రుద్దుకుంటూ లోపలికి నడుస్తోంది.

"తప్పుకోండి బాబాయ్. నాది ఓ పాజిటివ్. ఇచ్చి అయిదు నెలలైంది. పొద్దునే పరీక్ష కూడా చేయించుకున్నాను, మీవాళ్ల సంగతి చూశాక నాకూ అనుమానమొచ్చి. నాకు బాగానే ఉందంట."

"నీది ఏ..." అని మొదలుపెట్టి పూర్ణచంద్రరావు ఆగిపోయాడు.

ఏసమ్మ కూడా ఆగింది. "అడగండి, పర్లేదు. మా తాతల పేర్లు నాకు ఇద్దరివే తెలుసు. మా ఇంట్లో గోడ మీద చెట్టేమీ లేదు, క్యాలెండరొకటి ఉంది. వద్దంటే చెప్పండి, డ్యూటీ దిగే టైమైంది."

"తీసుకోమ్మా... ఇవ్వమ్మా," అన్నాడు పూర్ణచంద్రరావు. అంత చిన్న మాట అంత కష్టపడి అనడం చంద్రకళ ఎప్పుడూ చూడలేదు.

మూడో రోజుకి పిల్లాడు పాలు తాగాడు. అయిదో రోజుకి కాఫీ రంగు పోయింది. వారానికి ఆస్పత్రంతా వినపడేట్టు ఏడ్చాడు. వెళ్లేముందు డాక్టరమ్మ, వాడకూడని మందుల పేర్లు రాసిన కార్డులు రెండిచ్చింది, పిల్లాడికొకటి, తాతకొకటి. పరీక్షలో ఆయనకీ లోపం తేలింది. వంశవృక్షం కాగితం మీద ఆయన గడి నల్లగా నిండి ఉంది. ఆ నిండటం ఆయనకి కొంత ఊరట ఇచ్చింది. పక్కన చూస్తే అభిరామ్ గడి ఖాళీ.

"ఏంటమ్మా, మావాడికి నేనేమీ ఇవ్వలేదా?"

"ఇచ్చారండి. వై ఇచ్చారు."

"అది ఎంతుంటుంది?"

"ఎక్స్ గుంటూరు నుంచి రేపల్లె లైనైతే, వై తెనాలి నుంచి వేమూరు దాకా అనుకోండి. అందులోనూ సగం ఖాళీ పెట్టెలు."

"ఏడు తరాలూ?"

"ఏడు తరాలూ అదే వేమూరు బండి," అంది డాక్టరమ్మ. తర్వాత జాలిపడి, మలేరియా బాగా ఉన్న ప్రాంతాల్లోనే ఈ లోపం ఎక్కువ కనిపిస్తుందని, ఉన్నవాళ్ల రక్తంలో మలేరియా పురుగు సులువుగా పెరగలేదని శాస్త్రజ్ఞులు అంటారని చెప్పింది. ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది.

నెల తర్వాత ముసురు తగ్గి ఎండలు కాశాయి. పూర్ణచంద్రరావు మనవణ్ణి చూడటానికి రేపల్లె వెళ్లి మేడెక్కితే, చీరాల నేత జరీ అంచు పంచె నాలుగు ఇటుకల మధ్య పరిచి ఉంది. నాలుగుసార్లు ఉడకబెట్టి ఉతికినట్టుంది, ఘాటు ఆనవాలైనా లేదు. దాని మీద చంద్రకళ మినప వడియాలు పెడుతోంది. ఆయన నోరు తెరిచాడు.

"ఏంటన్నయ్యా?" అంది ఆమె తల ఎత్తకుండా.

"ఏం లేదు. మధ్యలో మరీ ఒత్తుగా పెట్టావు, ఆరవు."

ఇంటికి వచ్చి పెయింటర్ని పిలిపించాడు. పైన కప్పు తగులుతోంది, పక్కలు నిండిపోయాయి, ఎక్కడ రాయమంటారు అన్నాడు పెయింటరు. చివరికి వీర్రాఘవయ్యకి కింద, నేలబారున, వేళ్లు గీయించి వాటి మీద మాణిక్యమ్మ, చంద్రకళ, తేజస్వి అని రాయించాడు. వాళ్లని చదవాలంటే వంగాలి. వచ్చిన ప్రతివాణ్ణీ వంగమంటాడు.

"మా రక్తం మామూలుది కాదు," అని మొదలుపెడతాడు. "ఎక్స్ క్రోమోజోములో చివరి స్టేషను మాది. మలేరియా పురుగు అక్కడిదాకా వచ్చి టిక్కెట్టు లేక దిగిపోతుంది. శాస్త్రజ్ఞులే ఒప్పుకున్నారు. కలరా ఉండలు మాత్రం నా దగ్గరికి తేవద్దు, అవి తట్టుకోలేవు."

ఒకరోజు యలమంద వచ్చాడు. వంగి మూడు పేర్లూ చదివాడు. లేచి పైన కొత్త ఆకు మీద మనవడి పేరు చదివాడు. మళ్లీ వంగి ఇంకోసారి వెతికాడు.

"మరి ఏసమ్మ పేరేది బాబాయ్?"

పూర్ణచంద్రరావు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "పెయింటు అయిపోయిందిరా."

మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం మీద ఆకుపచ్చ పెయింటు డబ్బా, దాని మీద అడ్డంగా కొత్త కుంచె. ఎవరు పెట్టారని వీధంతా అడిగాడు, ఎవరికీ తెలియదన్నారు. టీ కొట్టువాడైతే నవ్వు ఆపుకోలేక లోపలికి పోయాడు. డబ్బా ఇంకా అక్కడే ఉంది. వచ్చినవాళ్లు దాన్ని దాటుకుని లోపలికి వెళ్లి, వంగి, లేచి, కాఫీ తాగి, మళ్లీ దాన్ని దాటుకుని పోతున్నారు.